వెబ్ పుట్టుపూర్వోత్తరాలు – 9: చీటీ ఒకటి, సరుకొకటి

వెబ్ సర్వర్ ఏ ఫైలు పంపినా ముందుగా ఒక చీటీ పంపుతుంది. అందులో 'కంటెంట్-టైప్' అనే వరుస ఉంటుంది. వెనకాల వస్తున్న బైట్లు పేజీయో, ఫొటోయో, పాటో, పీడీఎఫ్ఫో ఆ వరుస చెబుతుంది. పేజీ అయితే 'టెక్స్ట్/హెచ్‌టీఎంఎల్', ఫొటో అయితే 'ఇమేజ్/జేపెగ్'. ఏటవాలు గీతకు ముందున్నది జాతి, తర్వాతిది రకం. బ్రౌజర్ ఆ మాట పట్టుకుని పేజీని పేజీగా పరుస్తుంది, పాటను పాటగా వినిపిస్తుంది. ఫైలు పేరు చివర చుక్క తర్వాత ఏముందన్నది నియమం ప్రకారం బ్రౌజర్‌కు అనవసరం. విండోస్‌కు అలవాటుపడ్డ వాళ్లకు ఇది వింతగా ఉంటుంది. అక్కడ ఫైలు పేరు తోకను బట్టే దాన్ని ఏ ప్రోగ్రాం తెరవాలో తేలుతుంది. వెబ్‌లో మాత్రం '.జేపీజీ' అని ముగిసే చిరునామా నుంచి నిక్షేపంగా ఒక పేజీ రావచ్చు. చీటీ పేజీ అంటే అది పేజీయే.

నియమం ఇంత చిన్నది. దీన్ని బ్రౌజర్ల చేత పాటింపజేయడానికి మాత్రం ముప్పై ఏళ్లు చాలలేదు. ఆ మధ్యలో ఒక మార్కప్ ప్రమాణం పుట్టి, ఊరేగి, మూలపడింది.

చీటీ వెబ్ సొంత సొత్తు కాదు, ఈమెయిల్ నుంచి తెచ్చుకున్న అరువు. 1982లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 822 ఈమెయిల్ రూపురేఖల్ని స్థిరపరిచింది. ఆర్‌ఎఫ్‌సీ అంటే మాట వరసకు 'అభిప్రాయాలు తెలపండి' అన్న పత్రం. ఆచరణలో మాత్రం శాసనం. ఉత్తరంలో ఏడు బిట్ల ఆస్కీ సంకేతాలు మాత్రమే ఉండాలన్నది ఆ శాసనం. మొత్తం 128 సంకేతాలు: ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, కామాలు, చుక్కలు, కొన్ని అదుపు గుర్తులు. ఫ్రెంచి వాళ్లకు గీతలున్న అచ్చులు రాసుకునే దారి లేదు. జపాన్ వాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. 1990ల తొలినాళ్లలో అమెరికాలో చదువుకుంటున్న తెలుగువాళ్లు తమలో తాము రాసుకున్న తెలుగంతా ఇంగ్లిష్ అక్షరాల్లోనే నడిచింది. పెద్ద బడి, చిన్న బడి అక్షరాలకు వేర్వేరు ధ్వనులు కేటాయించిన ఆర్‌టీఎస్ అనే లిప్యంతరీకరణ పద్ధతి హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. దాని వెనక ఉన్నది ఆ 128 సంకేతాల ఇరుకే.

ఆ ఇరుకును వదిలించినవాళ్లు బెల్‌కోర్‌లో పనిచేస్తున్న నథానియల్ బోరెన్‌స్టీన్, ఇన్నోసాఫ్ట్‌లో పనిచేస్తున్న నెడ్ ఫ్రీడ్. వాళ్లు రాసిన 'మైమ్' ప్రమాణం 1992 జూన్‌లో ఆర్‌ఎఫ్‌సీ 1341గా వెలువడింది. రవాణా మార్గం ఏడు బిట్లదే అయినా ఫొటోనీ పాటనూ ఆ అక్షరాల్లోకే మార్చి పంపవచ్చు. అవతలివాడు వాటిని తిరిగి విప్పుకోవడానికి ఏది ఏమిటో పైన రాస్తే చాలు. కంటెంట్-టైప్ వరుస చేసే పని అదే. ప్రమాణం అచ్చు కాకముందే, 1992 మార్చి 11న, బోరెన్‌స్టీన్ ఒక ఉత్తరానికి తన నలుగురు గాయకుల బృందం ఫొటోనూ పాటనూ జతచేసి పంపాడు. ఆ బృందం పేరు 'టెలిఫోన్ కార్డ్స్'. ఈనాటి అటాచ్‌మెంట్లకు అది పెద్దక్క.

అదే కాలంలో జెనీవా దగ్గరి సెర్న్‌లో టిమ్ బెర్నర్స్-లీ నడుపుతున్న వెబ్‌కు చీటీలే లేవు. 1991 నాటి హెచ్‌టీటీపీ, తర్వాత 0.9 అని పేరు పెట్టుకున్నది, ఒక్క వరుసతో సరిపెట్టుకునేది. బ్రౌజర్ 'గెట్' అని, పక్కన చిరునామా రాసి పంపుతుంది. సర్వర్ బైట్లు పంపి లైను తెంపేస్తుంది. లైను తెగితే పేజీ అయిపోయినట్టు. వచ్చేదంతా హెచ్‌టీఎంఎల్ అనే లెక్క. మామూలు పాఠం పంపాలంటే ముందు 'ప్లెయిన్‌టెక్స్ట్' అనే ట్యాగ్ ఒకటి తగిలించాలి. ఫొటోలు, పాటలు పంపాలన్న కోరిక రాగానే ఇది చాలలేదు. 1992 నుంచి వెబ్ మనుషులు మైమ్ చీటీని తెచ్చి హెచ్‌టీటీపీ జవాబుకు ముందు అతికించడం మొదలుపెట్టారు. 1993లో మొజాయిక్ బ్రౌజర్ పేజీ మధ్యలోనే బొమ్మలు చూపించే సరికి చీటీ తప్పనిసరి అయింది. 1996 మేలో ఆర్‌ఎఫ్‌సీ 1945 దాన్ని హెచ్‌టీటీపీ 1.0 పేరిట కాగితం మీద పెట్టింది.

మరి ఈ చీటీ రాసేదెవరు? పేజీ రాసిన మనిషి కాదు, సర్వరే రాస్తుంది. సర్వర్‌కైనా ఫైలు లోపల ఏముందో తెలియదు. దాని దగ్గర 'మైమ్.టైప్స్' అనే జాబితా ఒకటుంటుంది. ఏ తోకకు ఏ రకమో అందులో రాసి ఉంటుంది. బ్రౌజర్ ఫైలు తోక చూడకూడదన్న నియమం వెనక, అదే తోక చూసి సర్వర్ చీటీ రాస్తుందన్నమాట. జాబితాలో లేని తోక వస్తే? 1995 నుంచి వెబ్‌ను ఏలిన అపాచీ సర్వర్ అలాంటి ఫైలు మీద 'టెక్స్ట్/ప్లెయిన్', అంటే మామూలు పాఠం, అని రాసి పంపేది. ఆ అలవాటు 2012లో వచ్చిన అపాచీ 2.4 దాకా కొనసాగింది. జాబితాను సవరించడానికి 'యాడ్‌టైప్' అనే ఆదేశం ఉంది కానీ, అద్దె సర్వర్ల మీద పేజీలు పెట్టుకున్న వాళ్లలో చాలామందికి ఆ సెట్టింగులు ముట్టుకునే హక్కు లేదు. ఉన్నవాళ్లలో తెలిసినవాళ్లు తక్కువ.

దీంతో ఏమైందంటే, కొత్త రకం వీడియో ఫైలు 'మామూలు పాఠం' అన్న చీటీతో ఇల్లు చేరేది. చీటీని నమ్మిన బ్రౌజర్ తెర నిండా పిచ్చిగీతలు పరిచేది. చూసినవాడు తిట్టేది బ్రౌజర్‌నే, ఎక్కడో ఉన్న సర్వర్‌ను కాదు. పక్క బ్రౌజర్‌లో అదే వీడియో ఆడుతుంటే అందులోకి మారిపోయేవాడు. మైక్రోసాఫ్ట్ ఈ లెక్క త్వరగానే గ్రహించింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ చీటీతో పాటు ఫైలు మొదటి 256 బైట్లను కూడా వాసన చూసి, లోపల ఏముందో తానే తేల్చుకునేది. ఈ పనికి ఇంజినీర్లు పెట్టిన పేరు 'స్నిఫింగ్'. 1999 నాటి హెచ్‌టీటీపీ 1.1 పత్రం, ఆర్‌ఎఫ్‌సీ 2616, అసలు చీటీయే లేనప్పుడు మాత్రమే ఊహించడానికి అనుమతి ఇచ్చింది. చీటీ ఉండగా ఊహించకూడదు. ఎక్కువమంది వాడే బ్రౌజర్ మాత్రం ఊహించడం మానలేదు. హెచ్‌టీఎంఎల్ నేర్పేందుకు ఎవరైనా ట్యాగులతో సహా ఒక పాఠాన్ని మామూలు పాఠంగా పెడితే, ఎక్స్‌ప్లోరర్ ఆ ట్యాగులు చూసి దాన్ని పేజీగా మార్చి చూపేది. పాఠం చదవాలనుకున్నవాడికి పాఠం తప్ప అన్నీ కనిపించేవి.

ఇదే ఉదారత మార్కప్ విషయంలోనూ నడిచింది. హెచ్‌టీఎంఎల్ 1986 నాటి ఎస్‌జీఎంఎల్ అనే ఐఎస్‌ఓ ప్రమాణానికి బిడ్డ అని చెప్పుకునేవారు. ఆ వంశ క్రమశిక్షణను ఏ పెద్ద బ్రౌజరూ పాటించలేదు. తెరిచిన ట్యాగ్ మూయకపోయినా, ఒకదానిలో ఒకటి అడ్డదిడ్డంగా చొరబడినా మొజాయిక్, నెట్‌స్కేప్, ఎక్స్‌ప్లోరర్ తలా ఒక రకంగా సర్దుకుని ఏదో ఒకటి చూపించేవి. సర్దుకునే తీరు ఏ పుస్తకంలోనూ లేదు. హెచ్‌టీఎంఎల్ 4.01 ప్రమాణం 1999 డిసెంబర్ 24న వచ్చింది. తప్పు పేజీని ఏం చెయ్యాలో అది కూడా చెప్పలేదు. ఒప్పు పేజీ ఎలా ఉండాలో మాత్రం చక్కగా చెప్పింది. వెబ్‌లో ఉన్నవి చాలావరకు తప్పు పేజీలే అయినప్పుడు ఆ చెప్పడం ఎందుకూ కొరగాలేదు. కొత్తగా బ్రౌజర్ తయారుచేసేవాడు ఎక్స్‌ప్లోరర్ ఏం చేస్తుందో రోజుల తరబడి పరీక్షించి, ఆ నడకనే అనుకరించాల్సి వచ్చేది.

ఈ గందరగోళానికి మందుగా వచ్చింది ఎక్స్‌ఎంఎల్. టిమ్ బ్రే, జీన్ పవోలీ, స్పెర్‌బర్గ్-మెక్వీన్ సంపాదకత్వంలో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 1998 ఫిబ్రవరి 10న దాన్ని విడుదల చేసింది. అందులో క్షమాభిక్ష లేదు. ఒక్క ట్యాగ్ మూయడం మరిచినా ప్రోగ్రాం అక్కడే ఆగి, తప్పు ప్రకటించి, మిగతాది చదవడం మానెయ్యాలి. ప్రాచీన ఏథెన్స్‌లో కఠిన శాసనాలు చేసిన డ్రాకో పేరు మీద దీన్ని 'డ్రాకోనియన్' పద్ధతి అన్నారు. హెచ్‌టీఎంఎల్‌ను ఈ కొత్త అచ్చులో పోస్తే 2000 జనవరి 26న ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ 1.0 వచ్చింది. ట్యాగులన్నీ చిన్న బడి అక్షరాల్లో ఉండాలి, విలువలన్నీ కొటేషన్లలో ఉండాలి, తెరిచినవన్నీ మూయాలి, బొమ్మ ట్యాగ్ లాంటి ఒంటరివాటి చివర ఏటవాలు గీత పెట్టాలి. శుభ్రతను ఇష్టపడే పేజీ రచయితలు దీన్ని కళ్లకద్దుకున్నారు. తమ పేజీ సరైనదని ధ్రువీకరించే చిన్న బిళ్లను పేజీ అడుగున తగిలించుకోవడం ఆ రోజుల్లో ఒక ముచ్చట.

వాళ్లలో నూటికి తొంభైమంది గమనించని సంగతి చీటీది. ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ 1.0 పత్రానికి 'సి' అనే అనుబంధం ఉంది. కొన్ని జాగ్రత్తలు పాటిస్తే ఈ కొత్త పేజీని పాత బ్రౌజర్లకు పాత చీటీతోనే, అంటే 'టెక్స్ట్/హెచ్‌టీఎంఎల్' అనే పంపుకోవచ్చని అది అనుమతించింది. కొత్త సరుకుకు తగిన కొత్త చీటీ, 'అప్లికేషన్/ఎక్స్‌హెచ్‌టీఎంఎల్+ఎక్స్‌ఎంఎల్', రెండేళ్లు ఆలస్యంగా 2002 జనవరిలో ఆర్‌ఎఫ్‌సీ 3236 ద్వారా నమోదైంది. ఏ పద్ధతిలో చదవాలో బ్రౌజర్ తేల్చుకునేది పేజీ మొదట్లో ఉన్న గొప్ప ప్రకటనల్ని బట్టి కాదు, చీటీని బట్టి. పాత చీటీ చూస్తే పాత పద్ధతిలోనే, తప్పుల్ని సర్దుకుంటూ చదువుతుంది. ఒంటరి ట్యాగ్ చివరి గీతను ఒక చిన్న అచ్చుతప్పుగా భావించి దాటిపోతుంది. తాము ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ రాస్తున్నామనుకున్న లక్షల మంది నిజానికి బ్రౌజర్‌కు పంపింది కాస్త వింత గీతలున్న పాత హెచ్‌టీఎంఎల్‌నే.

2002లో వెబ్ ప్రమాణాల నిపుణుడు ఇయాన్ హిక్సన్ ఈ సంగతి మీద ఒక వ్యాసం రాశాడు. ఎక్స్‌హెచ్‌టీఎంఎల్‌ను పాత చీటీతో పంపడం హానికరమని అందులో వాదించాడు. పాత చీటీ కింద పెరిగిన పేజీని ఒకనాడు కొత్త చీటీకి మారిస్తే అది కూలుతుందన్నది ఆయన ముఖ్య వాదం. ఆ భయం ఊహాగానం కాదు. జావాస్క్రిప్ట్ అర్థం కాని ప్రాచీన బ్రౌజర్ల కోసం స్క్రిప్టును వ్యాఖ్య గుర్తుల మధ్య దాచి రాయడం అప్పటి ఆచారం. పాత పద్ధతిలో ఆ గుర్తులను బ్రౌజర్ పట్టించుకోదు, స్క్రిప్టు నడుస్తుంది. ఎక్స్‌ఎంఎల్ పద్ధతిలో వ్యాఖ్య అంటే నిజంగా వ్యాఖ్యే. లోపలి స్క్రిప్టు మొత్తం మాయమైపోతుంది. పేజీ తయారవుతుండగానే అందులోకి మాటలు తోసే 'డాక్యుమెంట్.రైట్' ఆదేశం కూడా అక్కడ పనిచేయదు.

మరి అందరూ కొత్త చీటీకే మారిపోవచ్చు కదా? అక్కడే ఉంది చిక్కు. అప్పట్లో అత్యధికులు వాడుతున్న ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు ఆ చీటీ తెలియదు. అది చూడగానే పేజీ తెరవడం మాని, ఈ ఫైలును ఎక్కడ దాచుకుంటారని అడిగే పెట్టె చూపించేది. ఇంటి ముందుకొచ్చిన అతిథిని లోపలికి పిలవకుండా, మిమ్మల్ని ఏ గదిలో పెట్టి తాళం వేయమంటారని అడిగినట్టు. దాంతో పట్టుదల గలవాళ్లు అడ్డదారి పట్టారు. బ్రౌజర్ పేజీ అడిగేటప్పుడు 'యాక్సెప్ట్' అనే వరుసలో తనకు ఏయే రకాలు ఇష్టమో, ఎంత ఇష్టమో సున్నా నుంచి ఒకటి దాకా అంకెలతో చెబుతుంది. ఆ వరుసలో కొత్త రకం కనిపిస్తే కొత్త చీటీ, కనిపించకపోతే పాతది రాసే నాలుగు వరుసల పీహెచ్‌పీ కోడ్ ఎందరో పేజీల నెత్తిన పెట్టుకున్నారు. ఒకే పేజీని ఫైర్‌ఫాక్స్ ఒక పద్ధతిలో, ఎక్స్‌ప్లోరర్ మరో పద్ధతిలో చదివేవన్నమాట.

ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్లకు అదృష్టం బాగుంటే తేడా తెలిసేది కాదు. ఎవరో ఒక లింకులో 'అండ్' గుర్తును ఎక్స్‌ఎంఎల్ కోరే విధంగా రాయకపోతే మాత్రం పేజీ బదులు పసుపు రంగు తెర మీద ఎర్ర అక్షరాల్లో ఫలానా వరుసలో ఫలానా తప్పు అన్న ప్రకటన వచ్చేది. రచయిత తానొక్కడే రాసే పేజీలో ఆ క్రమశిక్షణ సాధ్యమే. పాఠకుల మాటలు, ప్రకటనలు, ఇతర చోట్ల నుంచి తెచ్చి అతికించిన ముక్కలు ఉండే పేజీలో ఏ పూట ఏ ముక్క తప్పుతుందో చెప్పలేం. ఇంత బాధ పడి కూడా కొత్త చీటీని అంటిపెట్టుకున్నవాళ్లలో గణితం, భౌతికశాస్త్రం వాళ్లున్నారు. సమీకరణాలు రాసే మ్యాథ్‌ఎంఎల్ పేజీ మధ్యలో ఇమడాలంటే అప్పట్లో ఎక్స్‌ఎంఎల్ పద్ధతి తప్ప వేరే దారి లేదు. వాళ్లది అవసరం. మిగతావాళ్లలో చాలామందిది మోజు.

ఇదే కాలంలో పేజీ లోపలి మరో చీటీ కూడా తన అర్థం పోగొట్టుకుంది. పేజీ మొదటి వరుసలో ఉండే 'డాక్‌టైప్' ప్రకటన ఈ పేజీ ఏ ప్రమాణానికి చెందిందో చెప్పాలి. 2000 మార్చిలో వచ్చిన మ్యాక్ ఎక్స్‌ప్లోరర్ 5లో టాంటెక్ చెలిక్ బృందం దాన్ని వేరే పనికి వాడుకుంది. డాక్‌టైప్ ఉంటే రచయిత ప్రమాణాలు తెలిసినవాడనీ, లేకపోతే పాతకాలపు పేజీ అనీ తీర్మానించి, రెండో రకాన్ని పాత బ్రౌజర్ల వంకరలతో సహా చూపించడం ఆ ఏర్పాటు. మిగతా బ్రౌజర్లన్నీ దీన్నే అనుసరించాయి. డాక్‌టైప్‌లో ఏం రాసి ఉందన్న దానికన్నా అది ఉందా లేదా అన్నదే ముఖ్యమైంది. అది పేజీకి వయసు ధ్రువపత్రంగా మారింది. ఇందులోనూ ఎక్స్‌హెచ్‌టీఎంఎల్‌కు దెబ్బ తగిలింది. డాక్‌టైప్‌కు పైన ఎక్స్‌ఎంఎల్ ప్రకటన రాయమని ప్రమాణం సిఫారసు చేసింది. ఎక్స్‌ప్లోరర్ 6 మాత్రం డాక్‌టైప్‌కు ముందు మరేదైనా ఉంటే ఆ పేజీని వంకర పద్ధతిలోకి తోసేది. చెప్పినట్టు విన్నవాడికే శిక్ష.

చీటీలో మరో ముక్క ఉంది. తెలుగువాళ్లను నేరుగా తాకింది అదే. 'టెక్స్ట్/హెచ్‌టీఎంఎల్' తర్వాత సెమీకోలన్ పెట్టి 'చార్‌సెట్', అంటే అక్షరాల సంకేత పద్ధతి ఏదో రాస్తారు. అది రాయకపోతే పశ్చిమ యూరపు భాషల ఐఎస్‌ఓ 8859-1 అని అనుకోవాలన్నది హెచ్‌టీటీపీ 1.1 పాత నియమం. తెలుగుకు 1991 నాటి యూనికోడ్ మొదటి కూర్పులోనే చోటు దొరికింది. కానీ దాన్ని తెర మీద చూపగల వ్యవస్థలు ఇళ్లలోకి రావడానికి, గౌతమి ఫాంటు ఉన్న విండోస్ ఎక్స్‌పీ 2001లో వెలువడేదాకా ఆగాల్సి వచ్చింది. ఈ లోగా వెబ్‌లోకి వచ్చిన తెలుగు పత్రికలు సొంత ఫాంట్లతో నడిచాయి. ఇంగ్లిష్, లాటిన్ అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలు గీసిన ఫాంటు ఒకటి తయారుచేసి, పేజీతో పాటు దాన్నీ పంపేవారు. చీటీలో లాటిన్ అనో, 'ఎక్స్-యూజర్-డిఫైన్డ్' అనో ఉండేది. బైట్లు లాటిన్, చూపు తెలుగు. ఫాంటు దిగితే వార్త, దిగకపోతే చెత్త. ఒక పత్రిక ఫాంటు మరో పత్రికకు పనికిరాదు. వెతుకుడు యంత్రాలకు అందులో తెలుగు ఉందని తెలిసే అవకాశమే లేదు. ఆ పేజీలను చదివేటప్పుడే యూనికోడ్‌లోకి మార్చే 'పద్మ' అనే ఫైర్‌ఫాక్స్ తోడు ప్రోగ్రాం చాలామంది తెలుగు పాఠకులకు ఆ రోజుల్లో కళ్లజోడు.

యూనికోడ్‌కు మారాక కూడా చీటీ వదల్లేదు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. 'తెలుగు' అన్న మాటలో మూడు హల్లులు, మూడు అచ్చు గుర్తులు కలిపి ఆరు సంకేతాలు, 18 బైట్లు. పేజీని సరిగ్గానే యూటీఎఫ్-8లో రాసి, లోపల మెటా ట్యాగ్‌లో ఆ సంగతి చెప్పినా, సర్వర్ తన చీటీలో 8859-1 అని రాస్తే చెల్లేది సర్వర్ మాటే. అప్పుడు ఒక్కో బైటూ ఒక్కో లాటిన్ గుర్తుగా విడిపోతుంది. తెలుగు సంకేతాలన్నిటికీ మొదటి బైటు ఒకటే కాబట్టి, తల మీద గీత ఉన్న చిన్న ఏ అక్షరం, దాని పక్కన డిగ్రీల గుర్తో, కూడికా తీసివేతా కలిసిన గుర్తో వరుసగా బారులు తీరేవి. ఈ మెలిక తెలిసినవాళ్లు ఆ బారులు చూడగానే ఇది తెలుగు పేజీయేనని పట్టేసేవారు. సర్వర్ సెట్టింగుల్లో ఒక్క వరుస మారిస్తే పోయే జబ్బు అది. ఆ వరుస ఎక్కడుందో తెలియక పేజీలను పదేపదే తిరిగి రాసుకున్నవాళ్లు చాలామందే.

మార్కప్ తగాదా 2004లో తేలే దారి పట్టింది. ఆ ఏడాది జూన్‌లో శాన్ హోసేలో వెబ్ కన్సార్టియం జరిపిన సదస్సులో మొజిల్లా, ఒపెరా ఒక ప్రతిపాదన పెట్టాయి. ఉన్న హెచ్‌టీఎంఎల్‌నే పెంచుదాం, తప్పు పేజీని ఎలా చదవాలో కూడా ప్రమాణంలోనే రాద్దాం అన్నది దాని సారం. సభలో ఎక్కువమంది వద్దన్నారు. కన్సార్టియం దృష్టి పాత పేజీలతో పొత్తు కుదరని ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ 2 మీద ఉంది. కొద్ది రోజుల్లోనే ఆపిల్, మొజిల్లా, ఒపెరా మనుషులు 'వాట్ వర్కింగ్ గ్రూప్' పేరుతో వేరు కుంపటి పెట్టుకున్నారు. సంపాదకుడు ఇయాన్ హిక్సన్. 2006 అక్టోబర్‌లో బెర్నర్స్-లీ స్వయంగా, లోకాన్ని ఒక్కసారిగా ఎక్స్‌ఎంఎల్‌కు మార్చాలన్న ప్రయత్నం ఫలించలేదని ఒప్పుకున్నాడు. 2009 జులైలో ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ 2 బృందాన్ని మూసేస్తున్నట్టు ప్రకటన వచ్చింది. ఎక్స్‌ప్లోరర్ కొత్త చీటీని అంగీకరించింది 2011 మార్చిలో, తొమ్మిదో కూర్పులో. పెళ్లి పందిరి పీకేశాక వచ్చిన భజంత్రీలు.

హెచ్‌టీఎంఎల్5లో నిజంగా విప్లవం అనదగింది కొత్త ట్యాగులు కావు. ఏ బైట్ల వరుస వచ్చినా, అది ఎంత తప్పుల తడకైనా, అన్ని బ్రౌజర్లూ ఒకే ట్యాగుల చెట్టును నిర్మించాలన్న సూత్రం, దాన్ని అడుగడుగునా వివరించే చదివే విధానం. అడ్డదిడ్డంగా చొరబడ్డ ట్యాగుల్ని సర్దే భాగానికి 'దత్తత సంస్థ విధానం' అనే పేరు కూడా పెట్టారు. తల్లి ట్యాగ్ మూతపడ్డాక దిక్కులేని పిల్లల్ని వేరే తల్లికి అప్పగిస్తుంది కాబట్టి. హెన్రీ సివోనెన్ జావాలో రాసిన చదివే ప్రోగ్రాంను యంత్రం చేత సీ++లోకి మార్చి 2011 మార్చిలో ఫైర్‌ఫాక్స్ 4లో పెట్టారు. మ్యాథ్‌ఎంఎల్ కూడా పాత చీటీ కిందే ఇమిడింది. 2014 అక్టోబర్ 28న కన్సార్టియం హెచ్‌టీఎంఎల్5ను ప్రమాణంగా ముద్ర వేసింది. 2019 మేలో సంపాదకత్వం మొత్తాన్ని వేరు కుంపటి వాళ్లకే వదిలేసింది. 8859-1 అని చీటీ ఉంటే దాన్ని మైక్రోసాఫ్ట్ వారి విండోస్-1252గా చదవాలని కూడా ఇప్పటి ప్రమాణమే శాసిస్తుంది. ఏళ్ల తరబడి నడిచిన అబద్ధానికి చట్టబద్ధత ఇచ్చారన్నమాట.

వాసన చూసే అలవాటు మాత్రం వేరే మలుపు తిరిగింది. ఫొటోలు ఎక్కించుకోనిచ్చే సైట్‌కు ఒకడు ఫొటో లాంటి ఫైలు ఎక్కిస్తాడు. మొదటి బైట్లలోనే హెచ్‌టీఎంఎల్ ట్యాగులు, స్క్రిప్టు దాచి ఉంటాడు. సైట్ దాన్ని ఫొటో అని చీటీ రాసి పంపితే, బ్రౌజర్ వాసన చూసి పేజీగా తెరిచి, ఆ సైట్ పేరు మీదే స్క్రిప్టు నడిపితే? చూసినవాడి ఖాతా పరుల పాలే. 2009లో ఆడమ్ బార్త్, జువాన్ కబయేరో, డాన్ సాంగ్ దీని మీద ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. సమీక్షకుడు తెరవగానే తనకు తానే మంచి మార్కులు వేసుకునే పత్రాన్ని తయారుచేయవచ్చని అందులో చూపించారు. అంతకు ముందే, 2008లో, మైక్రోసాఫ్ట్ ఎక్స్‌ప్లోరర్ 8 కోసం 'నోస్నిఫ్' అనే కొత్త వరుసను ప్రవేశపెట్టింది. చీటీలో రాసింది నమ్ము, వాసన చూడకు అని సర్వర్ బతిమాలుకునే వరుస అది. మొదటి చీటీని నమ్మమని చెప్పడానికి రెండో చీటీ రాయాల్సిన అవసరం లోకంలో మరే రవాణా వ్యవస్థకూ వచ్చి ఉండదు.

ఇప్పుడు గాలి చీటీని నమ్మే వైపే వీస్తోంది. జావాస్క్రిప్ట్ మాడ్యూళ్లకు చీటీ తప్పితే ఏ బ్రౌజరూ నడపదు. 2018 జనవరిలో ప్రాసెసర్లలోని స్పెక్టర్ లోపం బయటపడ్డాక, అదే ఏడాది క్రోమ్ 67 పరాయి సైట్ల నుంచి వచ్చే సమాచారాన్ని చీటీ చూసి గుమ్మంలోనే ఆపడం మొదలుపెట్టింది. జావాస్క్రిప్ట్ చీటీది మాత్రం ఒక చిన్న ప్రహసనం. అందరూ 'టెక్స్ట్/జావాస్క్రిప్ట్' అని రాసుకుంటుంటే, 2006లో ఆర్‌ఎఫ్‌సీ 4329 దాన్ని కాలం చెల్లినదిగా ప్రకటించి 'అప్లికేషన్/జావాస్క్రిప్ట్' రాయమంది. ఎవరూ పెద్దగా చెవిన పెట్టలేదు. పదహారేళ్ల తర్వాత, 2022 మేలో, ఆర్‌ఎఫ్‌సీ 9239 ఆ తీర్పును తిరగరాసి పాత పేరునే మళ్లీ గద్దె ఎక్కించింది.

వెబ్‌లో ఓడిన ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ పుస్తకాల్లో బతికే ఉంది. ఈపబ్ రూపంలో వచ్చే ఈ-పుస్తకంలోని అధ్యాయాలన్నీ, తెలుగు నవల అయినా సరే, ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ పేజీలే. అక్కడ కఠిన నియమాలే చెల్లుతాయి. ఆ పుస్తకం నిజానికి ఒక జిప్ మూట. మూటలో మొట్టమొదటి ఫైలు పేరు 'మైమ్‌టైప్'. దాన్ని కుదించకుండా, తోక లేకుండా, ఉన్నది ఉన్నట్టుగా పెట్టాలని నియమం. అందులో ఉండేది 'అప్లికేషన్/ఈపబ్+జిప్' అన్న ఒక్క వరుస, సరిగ్గా 20 బైట్లు.